పేజీ తిప్పే చోటు

మా వీధి చివర హాల్లో సాధన చేసే వాద్యబృందానికి స్వరలిపి కాగితాలు తయారుచేసేది పేజీలక్క. ఆ పేరు వాయించేవాళ్ళు పెట్టిందే. హాలు వెనక గదిలో ఆవిడ కంప్యూటరు. పాటలు వినడానికి వెళ్ళే నేను ఆ గది గుమ్మం దగ్గర కూర్చుని కూర్చుని, గీతల మీది చుక్కలు చదవడం నేర్చుకున్నాను.

ఫ్లూటు వాయించేది అక్క సొంత బాబాయే. ఈమధ్య ఆయన చూపు మందగించి, సాధనలో వరుస తప్పుతున్నాడు. "ఇవాళ సాయంత్రం కూడా తప్పితే కచేరీకి ఇంకొకర్ని కూర్చోబెడతాను, ఏమనుకోవద్దు" అని బృందాన్ని నడిపించే మాస్టారు మొహం మీదే చెప్పేశాడు.

స్వరాలు పెద్దవి చేస్తే సరిపోతుంది. కానీ ఫ్లూటు పాటలన్నీ విడివిడి ఫైళ్ళు. ఒక్కొక్కటీ తెరిచి కొలతలు మారుస్తూ కూర్చుంటే ఇవాళ్టికి తెమిలేది కాదు. అందుకని అక్క ఓ చిన్న ప్రోగ్రాం రాసింది. ప్రతి ఫైలునూ అదే తెరిచి, సైజు పెంచి, వరుసల మధ్య ఎడం పెంచి మూసేస్తుంది. టీ చల్లారేలోపు పని అయిపోయింది.

"ఇన్నాళ్ళూ చేత్తో చేశాను చూడు, నా అంత తెలివైనది లేదు!" అంది.

బాబాయి ప్రింట్లు చూసి మురిసిపోయాడు. "ఇంత లావు స్వరాలైతే వీధి అవతలినుంచైనా వాయిస్తానే!"

ఫ్లూటు ఎత్తి మొదలుపెట్టాడు. పాట పరుగందుకుంది. సరిగ్గా అప్పుడే పేజీ అయిపోయింది. రెండు చేతులూ ఫ్లూటు మీదున్నాయి. పాట తెగిపోయింది.

"ఇదేమిటే అమ్మాయ్, ముక్కుతో తిప్పమంటావా?"

అక్క ప్రింట్లు లాక్కుని చూసింది. వాయించేవాడి చెయ్యి ఖాళీ అయ్యే విరామం చూసి, ప్రతి పేజీనీ అక్కడే ఆపడం ఆవిడ పద్ధతి. సైజు పెరిగేసరికి స్వరాలన్నీ కిందికి జారాయి, ఆ మజిలీలన్నీ గల్లంతయ్యాయి. ఒక్క పాటలో కాదు, అన్నిట్లోనూ.

"బాబాయ్, కాసేపు మాట్లాడకు."

"నేనేమన్నానే?"

"అదే, ఏమీ అనకు."

ప్రోగ్రాం మళ్ళీ తెరిచింది. పేజీ చివరినుంచి వెనక్కి నడిచి, విరామం ఎక్కడ దొరికితే అక్కడ పేజీ ఆపమంది. దొరక్కపోతే ఎర్రగుర్తు పెట్టమంది. ప్రింట్లు వస్తుంటే నేను ఒక్కో పేజీ అడుగు చూసుకుంటూ పోయాను. అన్నీ కుదిరాయి, చివరి పాటలో తప్ప. అందులో ఊపిరాడని పరుగు, పేజీ నిండా ఎక్కడా విరామం లేదు.

బయట మాస్టారి స్కూటరు ఆగింది.

"ఆ ఒక్కదానికీ సైజు తగ్గించెయ్" అన్నాడు బాబాయి.

"తగ్గిస్తే కనబడి చావదుగా!"

అక్క కంప్యూటరు ముందునుంచి లేచింది. బాబాయి వెంట తన కుర్చీ హాల్లోకి ఈడ్చుకెళ్ళి, ఆయన పక్కన వేసుకు కూర్చుంది.

"ఇదేమిటి?" అన్నాడు మాస్టారు.

"మిగతావన్నీ ప్రోగ్రాం చూసుకుంది మాస్టారూ. ఈ ఒక్క పేజీ నాది."

బృందమంతా సర్దుకున్నాక మాస్టారు చెయ్యెత్తాడు. పాటలు ఒక్కొక్కటే దాటాయి. చివరి పాట వచ్చింది. పరుగు మొదలైంది. అక్క వేళ్ళు కాగితం మూల పట్టుకున్నాయి. నేను గుమ్మం దగ్గర లేచి నిలబడ్డాను. కాగితం తిరిగింది. పాట ఆగలేదు.

అయ్యాక మాస్టారు చెయ్యి దించాడు. తర్వాత హాలు కుర్రవాణ్ణి పిలిచి, "కచేరీనాడు ఫ్లూటు దగ్గర రెండు కుర్చీలు వెయ్యి" అన్నాడు.

బాబాయి ఫ్లూటు తుడుచుకుంటూ అక్క వైపు వంగాడు. "ఒక్క స్వరం ముందే తిప్పేశావే. ఆ రోజు కాస్త ఆగు."