కోల్డ్ స్టోరేజీ గోంగూర

పెదకాకాని దాటాక హైవే పక్కనున్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో సిలార్ మిషన్ ఆపరేటరు. రోహిణీకార్తె ఎండకు రోళ్ళు పగులుతుంటే చంకలో స్వెట్టరు పెట్టుకుని డ్యూటీకి బయలుదేరే మనిషి వాళ్ళ ఊళ్ళో అతనొక్కడే. బీఎస్సీలో ఫిజిక్సు చదివాడు. గంటకోసారి థర్మామీటరు చూసి రిజిస్టరులో రాయడం పదకొండేళ్ళుగా అతని పని. ఆ అలవాటు ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, కూతురు నస్రత్ పుట్టిన కొత్తలో పిల్ల ఒంటి వేడిని కూడా గంటకోసారి చూసి నోట్సులో రాసేవాడు. జ్వరం ఉందని కాదు, వస్తే ఏ గంటలో వచ్చిందో తెలియాలని. ఆ నోట్సు తిరగేసిన పిల్లల డాక్టరు, పిల్లను పక్కనబెట్టి తండ్రి చెయ్యి పట్టుకుని నాడి చూశాడని భార్య నజీరా ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంది.

చలిలో పనిచేసి చేసి సిలార్‌కు చలిదేశాల చెట్ల మీద మనసు పడింది. ఇరుగుపొరుగు ఇళ్ళ ముందు మునగా, కరివేపా పెరుగుతుంటే ఇతని వాకిట్లో విసనకర్రల్లాంటి ఆకులతో రెండు తూజా చెట్లు, కుండీలో అంతస్తులు అంతస్తులుగా లేచిన ఒక అరకేరియా ఉన్నాయి. అరకేరియాను ఊళ్ళో క్రిస్మస్ చెట్టు అంటారు. డిసెంబరు మూడో వారంలో వీధి చివరి చర్చి నుంచి ఇమ్మానియేలు వచ్చి దాన్ని కుండీతో సహా ఎత్తుకుపోతాడు. కొత్త సంవత్సరం దాటాక ఒంటి నిండా దూదీ, తళుకు కాయితాలూ అంటించుకుని తిరిగొస్తుంది. పెళ్ళికెళ్ళి మూడ్రోజులు స్నానం చేయని మనిషిలా ఉందంటుంది నజీరా.

వీటన్నిటి మధ్యా ఉండేది జపాన్ మేపుల్. మూడేళ్ళ క్రితం సిలార్ ఆన్‌లైన్‌లో పన్నెండు గింజలు తెప్పించాడు. అవి మూడు నెలలు చలి తింటే తప్ప మొలవవని చదివి, తడి ఇసుకలో కలిపి టిఫిను డబ్బాలో పెట్టి, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల మధ్య దాచాడు. ఇక్కడ మిరపకాయల బస్తాను టిక్కీ అంటారు. ఆ డబ్బా ఏమిటని మేనేజరు అడిగితే అన్నం అన్నాడు. మూడు నెలలుగా అదే అన్నం ఎందుకు తినలేదని మేనేజరు అడగలేదు. మంచివాడు. పన్నెండులో రెండు మొలిచాయి. ఒకటి మేక తిన్నది. మిగిలిన ఒక్కటీ కుండీలో నడుమెత్తు పెరిగి, ఏడు వేళ్ళ చెయ్యి చాచినట్టుండే ఆకులు వేసింది. వేయగానే ఊరు దానికి పేరు పెట్టేసింది. గోంగూర.

వాళ్ళ తప్పేమీ లేదు. అదే రూపు, అవే రంపపు అంచులు. గుంటూరు జిల్లాలో చెయ్యి చాచిన ఆకు కనబడితే గోంగూర కాదని ఎవరనుకుంటారు? నజీరా అయితే వేళ్ళు లెక్కపెట్టి, మామూలు గోంగూర కంటే రెండు ఎక్కువున్నాయి, పచ్చడికి కలిసొస్తుందన్నది.

“గోంగూరకి ఇంత చాకిరీ చేసే మొగుణ్ణి ఈ జిల్లా మొత్తం మీద నేనొక్కదాన్నే చేసుకున్నా,” అని కూడా అన్నది.

చలికాలం వచ్చే ముందు ఈ చెట్టు ఆకులన్నీ ఎర్రగా మారతాయని సిలార్ నస్రత్‌కు ఏనాడో చెప్పాడు. ఎరుపంటే అలాంటిలాంటి ఎరుపు కాదు, ఎండుమిరపకాయంత ఎరుపు. కానీ మొదటి రెండేళ్ళూ మన ఎండకు ఆకుల అంచులు మాడి, గోధుమరంగు తిరిగి రాలిపోయాయి. ఈ ఏడు నస్రత్ ఒకటో తరగతికి వచ్చింది. బళ్ళో ‘మా ఇంటి చెట్టు’ బొమ్మ వెయ్యమన్నారు. ఆ పిల్ల ఒక కుండీ, కుండీలో చెట్టు, చెట్టు నిండా ఎర్రటి ఆకులు వేసింది. టీచరు నాగజ్యోతి దాని పక్కన ఎర్ర పెన్నుతో ‘ఆకులు పచ్చగా ఉంటాయి’ అని రాసి, పిల్ల తల మీద చెయ్యి వేసి మరీ ఆ మాట చెప్పి పంపింది.

నస్రత్ ఇంటికొచ్చి ఏడవలేదు. సిలార్‌ను భయపెట్టింది అదే. పుస్తకం తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

“నాన్నా, టీచర్‌కి తెలియదా? నువ్వు అబద్ధం చెప్పావా?”

ఈ రెంటిలో ఏదో ఒకటే అయ్యుండాలని ఆ పిల్ల చూపులోనే తెలుస్తోంది. ఆరేళ్ళ పిల్లకు తండ్రి మాట మీద మొదటిసారి అనుమానం పుడితే, అది ఎన్ని డిగ్రీల దాకా పెరుగుతుందో చెప్పే థర్మామీటరు సిలార్ దగ్గర లేదు. ఇవాళ చెట్టు రంగు, రేపు లెక్కలు, ఎల్లుండి రోడ్డు దాటేప్పుడు చెయ్యి పట్టుకోమన్న మాట. ఇంతదూరం ఆలోచించుకుని, నవంబరు ఆఖరులోగా ఎర్రటి ఆకు నీ చేతికిస్తాను, తీసుకెళ్ళి టీచర్‌కి చూపిద్దువుగానీ అని మాటిచ్చేశాడు.

ఇచ్చాక కూర్చుని చదివాడు. పగలు మంచి ఎండ, రాత్రి గట్టి చలి ఉంటే ఆకులో తయారైన చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. పచ్చదనం విరుగుతుంది, ఎరుపు పుడుతుంది. ఎండకు గుంటూరులో కొదవ లేదు. చలి తన చేతిలోనే ఉంది. మేనేజరును బతిమాలి నెల రోజులు నైట్ డ్యూటీ వేయించుకున్నాడు. సాయంత్రం కుండీని టీవీఎస్ బండి మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకెళ్ళేవాడు. అక్కడ చల్లగది ముందుండే చిన్న గదిలో దాన్ని ఉంచి, తెల్లారాక తిరిగి తెచ్చి వాకిట్లో ఎండకు పెట్టి, అప్పుడు పడుకునేవాడు. గోంగూర కూడా డ్యూటీ ఎక్కిందనీ, దానికి పీఎఫ్ కడుతున్నారో లేదో కనుక్కోవాలనీ టీ బంకు దగ్గర చెప్పుకున్నారు. ఇరవై రోజుల్లో చెట్టు మిర్చి ఘాటుకు అలవాటు పడిపోయింది గానీ, దాని పక్కన నిలబడ్డ వాళ్ళకు తుమ్ములు ఆగేవి కావు.

నవంబరు ఇరవై నాలుగున కొమ్మ చివర ఒక ఆకు ఎరుపెక్కింది. బుధవారానికి అవి తొమ్మిదయ్యాయి. వెనకాల తూజాలు పచ్చగా నిలబడి ఉంటే, వాటి ముందు ఈ తొమ్మిదీ కల్లంలో ఆరబోసిన తేజా మిరపకాయల్లా మెరిశాయి. నస్రత్ అప్పుడే ఒకటి కోసుకుంటానన్నది. పెద్ద ఆకు మధ్యలో ఇంకా కాస్త పచ్చ ఉందనీ, ఒక్కరోజు ఆగితే నిండా పండుతుందనీ, శుక్రవారం పొద్దున బడికెళ్ళేప్పుడు కోద్దామనీ సిలార్ ఆపాడు. రిజిస్టరు మనిషి. సగం రీడింగు రాయడు.

గురువారం అంకమ్మరావు వచ్చాడు.

అంకమ్మరావుది గోడ అవతలి ఇల్లు. మూడెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి వేస్తాడు. సిలార్ ఆయన్ని బాబాయ్ అంటాడు, నస్రత్ తాతా అంటుంది. పదకొండింటికి, తీసుకెళ్ళిన నిచ్చెన తిరిగివ్వడానికి వచ్చాడు. సిలార్ లోపల ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాడు. నజీరా బట్టల షాపింగుకు గుంటూరు వెళ్ళింది. నిచ్చెన గోడకు ఆనించి వెనక్కి తిరిగిన అంకమ్మరావు కళ్ళు కుండీ మీద పడ్డాయి.

ముప్పై ఏళ్ళ సేద్యంలో ఆయనకు ఆకు ఎర్రబడటమంటే ఒకటే అర్థం. పత్తాకు ఎర్రబడితే మెగ్నీషియం తక్కువైనట్టు. మిరపాకు రంగు మారితే తెగులు తగిలినట్టు. పట్టిన మొక్కను అలాగే వదిలితే చేనంతా పాకుతుంది. పైగా ఇది మనవరాలి చెట్టు. సిలార్‌ను లేపుదామనుకుని, పాపం రాత్రంతా డ్యూటీ చేసొచ్చాడని జాలిపడి ఊరుకున్నాడు. ఆ జాలే కొంప ముంచింది. ఎర్రబడ్డ తొమ్మిది ఆకులూ జాగ్రత్తగా గిల్లాడు. ఎనిమిదింటిని దొడ్లోకి తీసుకెళ్ళి కాల్చేశాడు. స్ప్రేయరు వీపుకు తగిలించుకొచ్చి, మిగిలిన చెట్టుకు ఆకుల కిందా మీదా తడిసేలా మెగ్నీషియం సల్ఫేటు కొట్టాడు. తొమ్మిదో ఆకును చొక్కా జేబులో పెట్టుకుని టౌనులో పురుగుమందుల కొట్టుకు బయలుదేరాడు. ఇక్కడి రైతు తనకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోడుగానీ, ఆకుకు జబ్బు చేస్తే మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని కొట్టుకు పోతాడు.

సిలార్ మూడింటికి లేచాడు. చెట్టు నిండా పచ్చగా ఉంది. నిద్రమత్తనుకుని మొహం కడుక్కొచ్చి మళ్ళీ చూశాడు. ఇంకా పచ్చగా కనబడింది. గోడ మీది నుంచి అంకమ్మరావు తల పైకి లేచింది.

“కంగారుపడమాక సిలారూ. టయానికి చూశా గాబట్టి సరిపోయింది. నీ గోంగూరకి ఎర్ర తెగులు తగిలింది. తగిలిన ఆకు తగిలినట్టు తీసేశా.”

“తీసేసి?”

“కాల్చా.”

సిలార్ అరవలేదు. అరవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని, బొమ్మ సంగతీ, ఎర్ర పెన్ను సంగతీ, పిల్ల అడిగిన మాటా, తానిచ్చిన మాటా, నెల రోజుల నైట్ డ్యూటీల సంగతీ మొదటినుంచీ చెప్పాడు. వింటున్న కొద్దీ అంకమ్మరావు తల గోడ వెనక్కి కొంచెం కొంచెంగా దిగింది.

“అయితే అది జబ్బు కాదా?”

“పండటం బాబాయ్. నెల నుంచీ దానికోసమే మోస్తున్నా.”

“ఆ ముక్క ఊళ్ళో ఒకళ్ళకన్నా చెప్పి చచ్చావంట్రా? గోంగూరని మోస్తన్నావనుకున్నాం గానీ.” అంతలో ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. “ఉండు, ఒకటుంది. జక్రయ్య మందుల కొట్లో వదిలొచ్చా.”

ఇద్దరూ ఒకే బండి మీద పోయారు. జక్రయ్య కొట్లో గాజుబల్ల మీద ఏ పూటకాపూట వచ్చిన ఆకులు ఆసుపత్రిలో రోగుల్లా వరసగా పడి ఉంటాయి. ముడుచుకున్నవి, మచ్చలు పడ్డవి, పురుగు తిన్నవి. అందులో ఎర్రది లేదు. పాతికేళ్ళ సర్వీసులో అలాంటి తెగులు తాను చూడలేదని జక్రయ్య ఒప్పుకున్నాడు. జాగ్రత్తగా ఉండమని అప్పటికే నలుగురు రైతులకు చెప్పి పంపాడట.

“అదంతా సరే, ఆకేదయ్యా?” అన్నాడు అంకమ్మరావు.

“టీచరమ్మ గారు తీసకెళ్ళారు. నాగజ్యోతి గారు. ఇప్పుడే, బడొదిలి ఇంటికెళ్తా వాళ్ళ మిరపకి తామర పురుగు మందు కోసం ఆగారు. ఇదెక్కడిదండీ అన్నారు. సిలార్ గారింట్లో గోంగూరంట, తెగులంటన్నా. కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. నేను వద్దనే లోపల చివర కొరికి నోట్లో ఏసుకున్నారు.”

సిలార్ గాజుబల్ల మీదికి వంగాడు. ఆకు సంగతి మర్చిపోయాడు. చుట్టూ డబ్బాల మీద పుర్రె బొమ్మలే కనబడ్డాయి.

“బాబాయ్, ఈ ఆకు మందు కొట్టక ముందు గిల్లావా, కొట్టాకా?”

“ముందేరా. నీ మీదొట్టు.”

“నా మీదెందుకు? ఏమైంది జక్రయ్య గారూ ఆవిడకి?”

“ఏముంది, దగ్గారు. మంచినీళ్ళడిగి తాగారు. తర్వాత తనలో తనే నవ్వుకుంటా ఆకుని పర్సులో పెట్టుకెళ్ళారు. తీసుకోవాల్సిన మందు మర్చిపోయారు.”

ఇంటికి చేరేసరికి నస్రత్ కుండీ ముందు గొంతుక్కూర్చుని ఆకులు లెక్కపెడుతోంది. ఎర్రవి ఏవని అడిగింది. తాత తీసేశాడని సిలార్ చెప్పాడు. ఒకటైనా మిగల్లేదా అంటే, మిగిలిందనీ, మీ టీచర్ దగ్గరే ఉందనీ చెప్పాడు. ఆ మాట బయటికి వస్తుండగానే, తాను ఇంతవరకూ చెప్పినవాటిలోకెల్లా నమ్మలేని మాట ఇదేనని అతనికే అనిపించింది. నస్రత్ అతని మొహం వంక ఒకసారి చూసి లోపలికెళ్ళి హోంవర్కు చేసుకుంది. అంకమ్మరావు గోడ అవతలి నుంచి రెండు జామకాయలు అందించాడు. ఎవరూ తీసుకోకపోతే గోడ మీదే పెట్టి పోయాడు.

శుక్రవారం పొద్దున సిలార్ డ్యూటీ దిగి, నిద్రపోకుండా, పిల్లను బండెక్కించుకుని బడికెళ్ళాడు. నాగజ్యోతి వాకిట్లోనే ఎదురైంది. నిక్షేపంగా ఉంది. అతనికి సగం బరువు దిగింది. ఆవిడ ఇద్దర్నీ క్లాసులోకి తీసుకెళ్ళి, నస్రత్ పుస్తకం అడిగి, బొమ్మ పేజీ తెరిచి, పర్సులోంచి ఎర్రాకు తీసి బొమ్మ పక్కన టేపుతో అతికించింది. నస్రత్ వేసిన రంగూ, ఆకు రంగూ ఒకటే. ముందు బెంచీ పిల్లలు చూడ్డానికి ఎగబడి, వాసన చూసి, వరసగా తుమ్మారు.

“గోంగూరైతే పుల్లగా ఉండాలి గదండీ,” అన్నది నాగజ్యోతి సిలార్‌తో. “పులుపు లేకపోగా కారం. మా ఇంట్లో మిరపకాయ పచ్చడి కూడా అంత లేదు. ఇంటికెళ్ళి ఫోన్లో వెతికితే అప్పుడు తెలిసింది, ఈ పిల్ల ఏం బొమ్మ వేసిందో.”

ఆకుకు మిర్చి ఘాటు పట్టించిన కోల్డ్ స్టోరేజీ సంగతి సిలార్ చెప్పబోతున్నాడు. నస్రత్ వేలు పెట్టి ఆకును లెక్కపెడుతోంది. ఆరు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“టీచర్, ఒక వేలు లేదు.”

క్లాసంతా టీచర్ వంక చూసింది. నాగజ్యోతి ఎర్ర పెన్ను తీసి, మునుపు రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, దాని కింద నెమ్మదిగా రాసింది. ‘ఆకులు ఎర్రగా కూడా ఉంటాయి. ఏడో వేలు నేను తిన్నాను.’ కింద సంతకం కూడా పెట్టింది. నస్రత్ దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. చదివి, తండ్రి వైపు తిరిగి, అందరికీ వినబడేలా తీర్పు చెప్పింది.

“టీచర్‌కే తెలియదు నాన్నా.”

నాగజ్యోతి తలూపి ఒప్పుకుంది. సిలార్ ఎక్కడ చూడాలో తెలియక బ్లాక్‌బోర్డు మీది తేదీ చూశాడు. నవంబరు ఇరవై ఎనిమిది. గడువు ఇంకా రెండు రోజులుంది.

డిసెంబరు రెండో వారానికి మిగతా ఆకులు కూడా రంగు తిరిగి రాలిపోయాయి. అంకమ్మరావు రోజూ గోడ మీది నుంచి చూసి నాలుక చప్పరించేవాడు గానీ చెయ్యి పెట్టలేదు. కుండీకి నస్రత్ రాసిన అట్టముక్క వేలాడుతోంది, ‘తాతా మందు కొట్టొద్దు’ అని. ఒకనాటి సాయంత్రం ఆయన వాకిట్లోకి వచ్చి, అరకేరియా చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆకును కింద నుంచీ పై నుంచీ పరిశీలించాడు.

“సిలారూ, ఆకు ఎర్రబడితే జబ్బు కాదన్నావు. రాలిపోతే జబ్బు కాదన్నావు. సరే, విన్నాం. మరి ఇది ఏడాది పొడుగూతా ఒక్క రంగు మారదు, ఒక్కాకు రాల్చదు. దీన్ని మాత్రం ఎవరికీ చూపించొద్దంటావా?”

అంటూనే ఆయన చెయ్యి ఒక రెమ్మ మీదికి పోతోంది. చొక్కా జేబు గుండీ అప్పటికే తీసి ఉంది.

సిలార్ ఇంకో అట్టముక్క కోసం లోపలికి పరిగెత్తాడు.