సున్నం కొట్టేలోపు మాదాపూర్ గోడ దగ్గరికి

మదీనాగూడ నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగలిగే చోట్ల గురించి నేను రాస్తుంటానని ఈ బ్లాగు చదివేవాళ్లకు తెలుసు. కోటలయ్యాయి, గుట్టలయ్యాయి, చెరువులయ్యాయి. ఈసారి వెళ్లింది మాత్రం పక్కనే ఉన్న మాదాపూర్‌కి. అద్దాల మేడలు తప్ప అక్కడేముంది చూడటానికి అంటారేమో. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ మేడల ప్రహరీ గోడల మీద ఒకాయన ఎవరి అనుమతీ లేకుండా ముఖాలు గీస్తున్నాడని, అవన్నీ ఆ మేడలు కడుతూ చనిపోయిన కూలీల ముఖాలని తెలిసేదాకా. తెలిశాక ఆ రోడ్డు మీద వెళుతుంటే మునుపటిలా కిటికీకి తల ఆనించి కునుకు తీయలేకపోయాను.

ఆ చిత్రకారుడు నాకు తెలిసిన మనిషే. ఒకే చర్చికి వెళతాం. ఆయన అసలు పేరు వద్దు, ప్రభుదాస్ అందాం. బాలానగర్‌లో షాపుల షట్టర్ల మీద, లారీల వెనకాల అక్షరాలు రాసి బతికిన పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది, ఇప్పుడు కాంట్రాక్టర్ల కింద గోడలకు రంగులు కొడతాడు. ఆదివారం ప్రార్థన కాగానే నిచ్చెన భుజాన వేసుకుని, ఒక డబ్బాలో జాజు, ఇంకో డబ్బాలో సున్నం కలుపుకుని బయలుదేరతాడు. పల్లెల్లో అరుగులకు, గోడల అంచులకు పూసే ఎర్రమట్టే జాజు. దొంగచాటు వ్యవహారం ఏమీ లేదు, అంతా పట్టపగలే. రంగు మరకల చొక్కా, చేతిలో బ్రష్షు చూసి అందరూ ఆఫీసు తాలూకు మనిషే అనుకుంటారట. సెక్యూరిటీ వాళ్లెవరైనా అడిగితే "సార్ చెప్పిండు" అంటాడట. ఏ సారో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదని చెప్పి నవ్వాడు. ఆ ప్రాంతంలో ఆ రెండు మాటలకు తెరుచుకోని గేటు లేదు మరి.

ఆమధ్య ఒక ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికొచ్చాడు. ఆ రోజు నవ్వలేదు. "సిస్టర్, జర ఒక పని జేసి పెడ్తరా? బాలమణి అని ఒకామె ఉన్నది. పాలమూరు దిక్కు మనిషి. ఆమె పెనిమిటి నర్సింలు మాదాపూర్ల సెంట్రింగ్ పని చేస్తుంటె పైకెళ్లి పడి పోయిండు. ఆయన ఫొటో ఒక్కటి గూడ లేదు. ఆమె చెప్తుంటె విని, తలకు ఎర్ర రుమాలుతోని గోడ మీద వేసిన. ఎవరో పెద్ద మనుషులు వస్తున్నరట, వచ్చే వారం గోడకు సున్నం కొడ్తరు. ఆమె ఇంకా చూడలె. నేను తోల్కపోదామంటె ఆడ సెక్యూరిటీ నన్ను గుర్తు పట్టిండు" అన్నాడు. ఇన్నాళ్లూ ఆమె ఎందుకు చూడలేదని అడిగాను. ఆ మేడ వైపు చూడలేక వెళ్లలేదట. గోడ పోతుందని తెలిశాక ఒక్కసారి చూస్తానందట. బొమ్మ కింద పేరెందుకు రాయలేదో కూడా ఆయనే చెప్పాడు. బాలమణి ఇప్పటికీ అదే మేస్త్రి దగ్గర పని చేస్తోంది. పేరు కనబడితే కంపెనీ వాళ్లు మేస్త్రిని అడుగుతారు, మేస్త్రి ఆమెను పని మాన్పిస్తాడు. అందుకని వద్దందట.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. సమ్మె వల్ల నేను పాఠాలు చెప్పే బడి మూతపడింది, బస్సులు డిపోలు దాటడం లేదు. మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మదీనాగూడలో షేర్ ఆటో ఎక్కాను. హైవే మీద మియాపూర్, కూకట్‌పల్లి దాటి మూసాపేట దాకా మామూలు రోజుల్లో పదిహేను రూపాయలు తీసుకునే ఆటో అతను ముప్పై అన్నాడు. నేను కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినదాన్ని. నోరు తెరిస్తే ఏ వైపు మనిషినో తెలిసిపోతుంది. మామూలుగా దాని గురించి ఆలోచించను కానీ, ఆ రోజుల్లో కొత్తవాళ్ల మధ్య కాస్త తక్కువ మాట్లాడటం అలవాటైంది. ఎవరూ నన్ను ఏమీ అన్నది లేదు. బెరుకు నాదే. మూసాపేటలో దిగి నడుచుకుంటూ బాలానగర్ చేరేసరికి తొమ్మిది దాటింది.

వర్క్‌షాపుల వెనక రేకుల షెడ్ల ముందు బాలమణి సిద్ధంగా నిలబడి ఉంది. నలభై లోపే ఉంటుంది. మడతలు పోని ఆకుపచ్చ చీర కట్టుకుంది, తలకు నూనె రాసి గట్టిగా జడ వేసుకుంది. ఎవరింటికో శుభకార్యానికి బయలుదేరినట్టుంది తప్ప, చనిపోయిన భర్త బొమ్మ చూడటానికి వెళుతున్నట్టు లేదు. ప్రభుదాస్ మాట్లాడి పెట్టిన ఆటో అక్కడే ఉంది. డ్రైవర్ యాదగిరి రోజంతా తిప్పి మళ్లీ ఇక్కడే దించేందుకు నాలుగు వందలు అడిగాడు. "బస్సులు లేవని ఎక్కువ అడుగుతలేను మేడం, పెట్రోల్‌కే సగం పోతయ్" అన్నాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. ఆటో కదిలాక బాలమణి అడిగిన మొదటి మాట, "టీచరమ్మా, మీరు చూసిండ్రా? మంచిగ వేసిండా?" నేనూ ఇప్పుడే చూడబోతున్నానని చెప్పాను.

కూకట్‌పల్లి మీదుగా జేఎన్టీయూ దగ్గర ఎడమకు తిరిగి, హైటెక్ సిటీ వైపు రైల్వే వంతెన కింద ఆగాం. ప్రభుదాస్ ముఖాల్లో ఒకటి అక్కడి గోడ మీద ఉంది. తట్ట మోయడానికి తల మీద చుట్టబట్ట పెట్టుకున్న ఒక ముసలామె. జాజుతో గీతలు, కళ్లలో మాత్రం సున్నం. నిలువెత్తు ముఖం. నుదుటి మీద ఎవరో కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటించారు. జనం మోటార్ సైకిళ్లు ఆ ముఖానికి ఆనించి పెట్టి స్టేషన్లోకి వెళుతున్నారు. బాలమణి దిగలేదు. ఆటోలోంచే చూసి, "పోదాం పట్టన్నా" అంది యాదగిరితో.

పదకొండింటికి కొత్తగూడ దగ్గర ఒక చిన్న మెస్సు ముందు టీకి ఆగాం. ఉప్మా ఇరవై, టీ ఆరు. వండి పెట్టేది మా గోదావరి జిల్లా ఆవిడ. రుమాలు మనిషి బొమ్మ ఉన్న గోడ ఎక్కడని అడిగితే గరిటె పట్టుకునే బయటికొచ్చి చూపించారు. "ఆ సందులోకి వెళ్లండి, డప్పులు వినిపిస్తాయి. ఎవరో అమరవీరుడంటండి. పాపం, తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకున్నాడంట. నాలుగు రోజులుగా దండలేసి పాటలు పాడుతున్నారు" అన్నారు. నేను బాలమణి వైపు చూశాను. ఆమె టీ గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. వాళ్లు అమరవీరుడనుకుంటున్నది నర్సింలునేనని ఇద్దరికీ అర్థమైంది. పేరు లేని ముఖం, తలకు ఎర్రటి రుమాలు, ఉద్యమ రోజులు. వాళ్లు పొరబడటంలో వింతేముంది?

సందు చివర గోడ కనబడింది. వెనక పది అంతస్తుల అద్దాల మేడ. గోడ మీద రుమాలు చుట్టుకుని కొద్దిగా నవ్వుతున్న మనిషి. బంతిపూల దండలు ముఖం చుట్టూ మేకులకు వేలాడుతున్నాయి. గడ్డం కింద పెద్ద అక్షరాలతో "అమరవీరుడికి జోహార్" అని రాసి ఉంది. జెండాలు పట్టుకుని పదిహేనుమంది దాకా యువకులు కూర్చున్నారు. ఒకతను డప్పు కొడుతుంటే మిగిలినవాళ్లు పాడుతున్నారు. గేటు దగ్గర వయసు మళ్లిన సెక్యూరిటీ గార్డు నిలబడి ఉన్నాడు. యాదగిరి ఆయన దగ్గరికి వెళ్లి సున్నం సంగతి అడిగాడు. "డబ్బాలు మొన్ననే వచ్చినయ్. గని వీళ్లున్నంక ఎవడు చెయ్యి పెడ్తడు? అమరుని బొమ్మ ముట్టుకుంటె లొల్లి గాదా?" అన్నాడు గార్డు. బాలమణి ఆ మాట స్పష్టంగా వింది.

ఆమె గోడ ముందుకు నడిచింది. చాలాసేపు చూసింది. ఏడవలేదు. కుర్రాళ్లు పాట ఆపేశారు. వాళ్లలో పెద్దవాడిలా ఉన్నతను లేచి వచ్చి, ఎంతో మర్యాదగా, "అక్కా, మీరు ఈనెకు ఏమైతరు?" అని అడిగాడు.

"నా పెనిమిటి. నర్సింలు."

అంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. కొందరు చేతులు జోడించారు. "ఎప్పుడు ప్రాణత్యాగం జేసిండక్కా? మాకు పేరు గూడ తెల్వకపాయె" అన్నాడతను. యాదగిరి గబగబా ఆమె పక్కకు చేరి గొంతు తగ్గించి, "అమ్మా, ఊకో. గట్లనే అనుకోనియ్యి. గోడ ఉంటది" అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. ఒక్క మాట మింగితే చాలు, బొమ్మకు కాపలా ఉంటుంది, ఆమె పనికీ ముప్పు రాదు.

"గోడ ఉంటదన్నా. ఆయన ఉండడు గద" అంది బాలమణి. తర్వాత ఆ యువకుడి వైపు తిరిగి అద్దాల మేడను చూపించింది. "ప్రాణత్యాగం చెయ్యలె బిడ్డా. గా మీదికెళ్లి పడ్డడు. సెంట్రింగ్ కట్టె విరిగింది. తెలంగాణ రావాలని ఆయనకూ ఉండె. గని సచ్చింది దానికి గాదు, గీ మేడకు."

వాళ్లకు కోపం వస్తుందేమోనని నేను బాలమణి పక్కకు జరిగాను. ఆ యువకుడు తల వంచుకుని, "జోహార్ తుడిచెయ్యమంటవా అక్కా?" అన్నాడు.

"ఎందుకు తుడుసుడు? కూలోనికి జోహార్ చెప్పొద్దా? ఉండనియ్యి. ఆయన పేరు రాయి. ఎట్ల పోయిండో గది రాయి."

అతను బ్రష్షు తెచ్చి జోహార్ కింద ఇంకో వరస రాశాడు. బాలమణికి చదువు రాదు, నన్ను చదవమంది. "నర్సింలు. ఈ మేడ కడుతూ పడి చనిపోయాడు" అని గట్టిగా చదివాను. నా యాసకు ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు, ఏమీ అనలేదు. ఆమె పెదవులు కదుపుతూ ఆ మాటలు మళ్లీ అనుకుంది. ఆ తర్వాత డప్పు పట్టుకున్న అబ్బాయిని చూసి, "ఆయనకు డప్పు గూడ కొట్టలె. దవాఖానకెళ్లి సీదా అంబులెన్సుల ఊరికి తీస్కపోయి, చీకటి పడకముందే పూడ్సిండ్రు" అంది. ఎవరినీ ఏదీ అడిగినట్టు కాదు, ఉన్నమాట చెప్పిందంతే.

ఆ అబ్బాయి డప్పును నేల మీద రాజేసిన కాగితాల మంట మీద కాస్త కాచి మెడలో వేసుకున్నాడు. ఇందాక కొట్టింది ఊరేగింపు దెబ్బ. ఇప్పుడు అందుకున్నది శవం ముందు కొట్టే దెబ్బ. మా వైపు కూడా అది వింటే ఇళ్లలోంచి జనం బయటికొచ్చి నిలబడతారు. పగటి ఒంటిగంటకు ఆ అద్దాల మధ్య ఆ చప్పుడు ఎలా ఉందో నాకు రాయడం చేతకావడం లేదు. భోజనాలకు దిగివస్తున్న ఉద్యోగులు మెడల్లో కార్డులతో అలాగే ఆగిపోయారు. బాలమణి అప్పుడు కూలబడి ఏడ్చింది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాను. యాదగిరి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో కూకట్‌పల్లి మీదుగానే వచ్చాం. అక్కడ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బాలమణి నా చేయి పట్టుకుంది. "టీచరమ్మా, ఒక మాట చెప్తా. గా మొకం ఆయనది గాదు" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. "అదేంటండీ? మరి ఆయనే అని చెప్పారు కదా అందరికీ?"

"ముక్కు గట్ల లేకుండె. నవ్వు గూడ గాదు. ప్రభుదాసన్న తప్పేం లేదు, నేను ఎట్ల చెప్తె గట్ల వేసిండు. నాకే యాదికొస్తలేదు ఇప్పుడు. కండ్లు మూసుకుంటె రుమాలు కనబడ్తది, మొకం కనబడదు." తల బయటికి తిప్పుకుంది. "మొకం ఎవలిదైతేంది టీచరమ్మా, సావు ఆయనదే గద. ఇంకొకలకు ఎట్ల ఇయ్యాలె?"

అది అమరుడి బొమ్మ కాదని తెలిశాక, ఆ వారంలోనే గోడకు లేత పసుపు రంగు కొట్టేశారు. మేస్త్రి బాలమణిని మళ్లీ పనికి పిలవలేదు, ఇప్పుడు బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ఊడ్చే పని చేస్తోంది. ఇవన్నీ ఆమెకు ముందే తెలుసు, తెలిసే చెప్పింది. ఎన్నో ఊళ్లు తిరిగి ఎన్నో గోడల ముందు నిలబడి చరిత్ర గురించి రాశాను. ఒక చావు ఎవరిదో సరిగ్గా చెప్పడానికి ఒక మనిషి ఎంత పోగొట్టుకోవాల్సి వస్తుందో మాత్రం ఆ సందులోనే చూశాను. ప్రభుదాస్ ఇంకా గీస్తూనే ఉన్నాడు. ఇప్పుడు ప్రతి ముఖం కింద, ఇంటివాళ్లు సరేనంటే, పేరు రాస్తున్నాడు. చూడాలనుకుంటే ఆదివారం పొద్దున వెళ్లండి, ఆఫీసులు ఉండవు కనుక సందుల్లో కార్లు అడ్డుండవు. వెళ్లినప్పుడు ఏ ముఖం ముందైనా ఎవరైనా నిలబడి చూస్తుంటే మాత్రం, వాళ్లు చూడటం అయ్యేదాకా కెమెరా బయటికి తీయకండి.