తల్లిలో మిగిలే కణాలు

నాయ్‌గావ్ నుంచి నాందేడ్ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావిడ నా ఈడుదే. నా ఒళ్లోని సైన్సు పత్రిక చూసి, "గంత మునిగి సదువుతున్నవ్, పరీక్ష గిట్ల ఉన్నదా అక్కా?" అని నవ్వింది.

నా బడిచదువు పదో తరగతితో ఆగింది. మిగిలిందంతా లైబ్రరీలో చదువుకున్నాను. అందుకే ఎవరైనా అడిగితే చాలు, చెప్పేస్తాను. కడుపులో ఉండగా బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయని, కాన్పయ్యాక కూడా ఏళ్ల తరబడి ఆమె ఒంట్లో, ఒక్కోసారి గుండెలో కూడా ఉండిపోతాయని శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సంగతి ఆమెకు వివరించాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "బిడ్డ సచ్చిపోయినా ఉంటయా?"

"ఉండొచ్చు."

"నా బిడ్డ కండ్లు తెర్వకుండనే పోయింది. గోదారి ఒడ్డుకు పాతిపెట్టినం. నీళ్లు పెరిగి ఆ జాగ సుత మునిగింది. అది నా లోపట ఉన్నదా అక్కా?"

అందరు తల్లుల్లోనూ ఆ కణాలు దొరకలేదని పత్రికలో ఉంది. అదీ చెప్పాను.

గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి నాణేలు వేస్తున్నారు. ఆమె కొంగుముడి విప్పి బెల్లం ముక్క తీసింది. "అచ్చినప్పుడల్ల దానికి ఏస్త," అంటూ చెయ్యి బయటికి చాపింది. వంతెన దాటుతుండగా ఆ చెయ్యి వెనక్కి వచ్చింది. బెల్లం తన నోట్లో పెట్టుకుని, పొట్ట నిమురుకుంది.

"నిమ్మలంగ తిను బిడ్డా," అంది.

నాకు తెలియకుండానే కొంచెం జరిగి వాళ్లిద్దరికీ చోటిచ్చాను.