ఎగుడుదిగుడు గోడకు తెల్ల వాల్‌పేపర్

వాల్‌పేపర్లు అమ్మే దుకాణంలో ఆమెది పదకొండేళ్ల ఉద్యోగం. వచ్చినవాళ్లకు పొద్దస్తమానం నిలబడి నమూనాల పుస్తకాలు తిప్పి చూపించాలి. తోటివాళ్లు "పుస్తకాలక్క" అని పిలిచేవారు. ఇల్లు చేరేసరికి కాళ్లు కట్టెలై, మాట్లాడాలన్నా నోరు పెగిలేది కాదు.

అలాంటి మనిషికి సొంత పడకగదికి వాల్‌పేపర్ ఎంచడం పెద్ద తలనొప్పయింది.

ఆ గదిలో పైపు కారి, గోడ నాని పెచ్చులూడితే, బస్సు నడిపే ఆమె భర్త వారం సెలవు పెట్టి తానే సిమెంటు పూశాడు. "మేస్త్రీ ఎందుకు, నాకు చేతుల్లేవా?" అని మురిసిపోయాడు. కానీ సాయంత్రపు ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడితే, గోడ మీది ప్రతి బొడిపె, ప్రతి గుంత కొట్టొచ్చినట్టు కనిపించేవి. నున్నటి వాల్‌పేపర్ అంటిస్తే ఆ వంకరలు ఇంకా పైకి తేలతాయి. ఉబ్బెత్తు చారలుండి, అంటించాక పైన రంగు వేసుకునే దళసరి తెల్లరకమైతే అందులో కలిసిపోతాయి.

"నున్నటిదే తేవే, శుభ్రంగా ఉంటుంది," అన్నాడతను.

"అది అయిపోయిందండీ. కొత్త సరుకు రాలేదు."

నిజం చెప్పి, అతని మొహం చిన్నబోతే చూసే ఓపిక ఆమెకు లేదు.

శనివారం వాల్‌పేపర్ చుట్టలు మోయడానికి అతను దుకాణానికి వచ్చాడు. తలుపు పక్కనే నున్నటి తెల్లవి నడుమెత్తున పేర్చి ఉన్నాయి. వాటినీ చూశాడు, ఆమెనూ చూశాడు. చారలవి నాలుగు చుట్టలు భుజాన వేసుకుని నడిచాడు. ఇంటి మెట్ల దగ్గర ఆగాడు.

"నా పూత అంత ఘోరంగా ఉందా?"

"ఘోరమేం కాదు. కాస్త అలలొచ్చాయి."

"ముందే చెబితే గీకేసేవాణ్ణి కదా."

"సెలవంతా తగలేసుకుని చేశారు. ఏ నోటితో చెప్పమంటారు?"

అతను చుట్టలు భుజం మార్చుకుని మెట్లెక్కాడు.

ఆదివారం మంచం మధ్యకు లాగి పని మొదలుపెట్టారు. దుకాణంలో వందలమందికి నోటితో చెప్పిన పనే అయినా, తన చేత్తో చేయడం ఆమెకిదే మొదలు. తొలి ముక్క వంకర పోయింది. పీకి మళ్లీ అంటించారు. మూడో ముక్క దగ్గర ఆమె స్టూలు మీదే చతికిలబడింది.

"చేతులు పడిపోయాయండీ."

"దిగు. నేనెక్కుతా."

అతను ఎక్కి, అంచు లేవకూడదని రోలరుతో బలంగా రుద్దాడు.

"అంత నొక్కకండీ! చారలు అణిగిపోతాయి!"

అప్పటికే జానెడు మేర చదునైపోయింది.

రెండు రోజులాగి, జిగురు ఆరాక, పైన రెండు పూతలు తెల్లరంగు వేశారు. మర్నాడు ఆమె పని నుంచి వచ్చేసరికి అతను మంచం మీద కూర్చుని గోడనే చూస్తున్నాడు. చెప్పులు విప్పి పక్కన కూలబడింది. ఎండ పడుతున్నా బొడిపెలు కనబడలేదు. చదునైన ఆ జానెడే మెరుస్తోంది.

"అది మాత్రం నా పనే," అన్నాడతను.

"బీరువా అడ్డం పెడదాం."

"ఎవరు జరుపుతారిప్పుడు?"

ఇద్దరూ లేవలేదు. ఆ వారమంతా బీరువా కదల్లేదు.