నాలుగు చోట్ల పన్నెండు మిల్లీమీటర్లు

నవంబరు పన్నెండు, బుధవారం, సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు. నా స్నేహితురాలు తన సైకిల్‌ను తొక్కకుండా నడిపించుకుంటూ వచ్చి మా గోడకు ఆనించింది.

"అక్కా, గేరు మారుస్తే చైను దుంకుతుంది. మొన్న దవాఖాన కాడ కింద పడ్డప్పటి సంది గిట్లనే ఉంది. జర చూస్తవా?"

ఆమె గద్వాల దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. రాయచూరు వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్లు చిన్న. నేను చేనేత సంఘంలో ముప్పై ఒక్క ఏళ్లు చీరల పొడవు, అంచుల వెడల్పు కొలిచి పుస్తకంలో ఎక్కించాను. పంతొమ్మిదేళ్ల కిందట ఇద్దరం వనపర్తిలో ఒకే మిస్త్రీ దగ్గర పాత గేరు సైకిళ్లు కొన్నాం. అప్పటినుంచి శనివారం పొద్దున మల్దకల్ వెళ్ళేవాళ్లం. ఆమె వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్తే నేను బయట సైకిళ్ల దగ్గర కూర్చునేదాన్ని. తర్వాత ఇడ్లీ.

ఈ శనివారం పది గంటల రైలుకు ఆమె రాయచూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇక తిరిగి రాదు. రైలుకు ముందు చివరిసారి మల్దకల్ పోయి రావాలని అనుకున్నాం. ఐదుంబావుకు బయలుదేరితే తొమ్మిదిలోపు ఇంట్లో ఉంటాం.

"దుంకితే దుంకనీ, ఒక్క గేరు మీదనే తొక్కుకుంట వస్త," అంది మళ్ళీ తనే.

"చెడిన సైకిల్ మీద పోవుడేంది? రెండు దినాలు నా కాడ ఉంచు."

"నీకు ఏదన్న కొలవకుంటే అన్నం అరగదు," అని నవ్వి, నడిచి వెళ్ళిపోయింది.

వెనుక చక్రం పక్కన గేరును మోసే చిన్న ఇనుప చెవి ఉంటుంది. దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిల్ ఆ వైపు పడితే అది వంగుతుంది, చైను దారి తప్పుతుంది. దాన్ని చూడడానికి మిస్త్రీ నాకు ఒక సాధనం చేసిచ్చాడు: పాత ఇరుసు ముక్కకు అతికించిన పొడవాటి పట్టీ. గేరు విప్పి, ఇరుసును చెవి రంధ్రంలో బిగించి, పట్టీని చుట్టూ తిప్పుతూ దాని కొసకూ చక్రం అంచుకూ మధ్య ఖాళీని నాలుగు చోట్ల కొలవాలి. నాలుగూ ఒకటైతే చెవి తిన్నగా ఉన్నట్టు.

గురువారం ఉదయం కొలిచి రాసుకున్నాను. పైన పన్నెండు మిల్లీమీటర్లు, ముందు పదమూడు, వెనుక పద్నాలుగు, కింద పదిహేను. గాలి కొట్టే వాల్వు పైన ఉందని కూడా రాశాను. అన్నీ రాయడం నా అలవాటు.

శుక్రవారం పట్టీని పట్టుకుని మెల్లగా వంచాను. సాయంత్రానికి నాలుగు చోట్లా పన్నెండు. గేరు బిగించి తిప్పితే చైను మునుపటికన్నా ఎక్కువగా దుంకింది, పెద్ద పళ్లచక్రం దాటి చక్రం పుల్లలకు తగిలింది. పుస్తకం చూశాను. నాలుగు పన్నెండ్లు. తప్పు చైనుదే అనుకుని నూనె వేసి పడుకున్నాను.

శనివారం ఐదింటికి ఆమె కొత్త చీర కట్టుకుని వచ్చింది. తనే తిప్పి చూసి, "ఇంకా దుంకుతనే ఉంది గదా," అంది. గేరు విప్పి మళ్ళీ కొలిస్తే పైన పద్నాలుగు, కింద పదకొండు. నిన్న ఎక్కువ వంచాననుకున్నాను. ఎదురు దిక్కుకు వంచాను. ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలకు టక్కున విరిగి ముక్క చేతిలోకి వచ్చింది.

"పోతే పోయింది. బస్సుకు పోదాం పా."

"ఆగు, వెల్డింగ్ పెట్టిస్త. గంటల వస్త."

"బేడ అక్కా, బేడ," అంది కన్నడంలో. "నాకు సైకిల్ వద్దు. నువ్వు రా, చాలు."

నేను వినలేదు. ముక్క పట్టుకుని మూడు దుకాణాలు తిరిగాను, మూడింటికీ తాళాలే. నాలుగో దుకాణం ముందు అరుగు మీద కూర్చున్నాను. దుకాణం అతను తొమ్మిదిన్నరకు వచ్చి, ఇంత పలచని చోట అతుకు నిలవదన్నాడు. స్టేషన్‌కు చేరేసరికి రైలు కదులుతోంది. ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి నా గుప్పిట్లో ఏదో పెట్టింది. సైకిల్ తాళంచెవి.

సోమవారం సైకిల్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని వనపర్తి వెళ్ళాను. మిస్త్రీ నా పుస్తకం చదివి, వాల్వును పైకి తెచ్చి, చక్రాన్ని ఫ్రేముతో కొలిచాడు. కింద సరిగ్గా మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది.

"వంకర చక్రానిదమ్మా. చెవి సీదగనే ఉండె. పట్టీ ఎటు తిప్పితే వాల్వును గటే తిప్పుకుంట, ఒక్క జాగనే కొలవాలె. నేను చెప్పలే?"

చెప్పాడు. నేను మరిచాను. శనివారం కొలిచినప్పుడు వాల్వు ఎక్కడుందో చూడనే లేదు. సంఘంలో చీరను పరిచే బల్ల చదునుగా ఉందా లేదా అని ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ చూసుకోలేదు.

"మరి చైను ఎందుకు దుంకింది?"

అతను గేరు తీగను గొట్టంలోంచి లాగాడు. ఎర్రగా తుప్పు.

"తీగ పట్టేసింది. మార్చుడు పది నిమిషాల పని. పరేషాన్ అయితివి."

ఫోన్‌లో ఆమెకు ఇదంతా చెప్పాను. నవ్వింది. అక్కడ సైకిల్ తొక్కే అవసరం లేదట, గుడి వాళ్ల వీధిలోనే ఉందట. ఇప్పుడు మా గోడకు రెండు సైకిళ్లు. నాది బాగానే ఉంది. ఆ తర్వాతి శనివారాలు ఐదుంబావుకు మెలకువ వస్తోంది కానీ బయలుదేరడం లేదు.

పోయినవి: హ్యాంగర్ ఒకటి. మల్దకల్‌కు పోనురాను ఒకసారి. ఇడ్లీలు, మనిషికి మూడు చొప్పున, ఆరు. ఆమె మా వాకిట్లో నిలబడి రమ్మన్న పొద్దున, ఐదు ఇరవై ఐదు నుంచి పది దాకా, నాలుగు గంటల ముప్పై ఐదు నిమిషాలు.