కరెంటున్న మట్టిముద్ద

ఆ ఆర్ట్ గ్యాలరీలో ఇన్నేళ్లుగా బొమ్మలు పెట్టిన మహానుభావుల్లో ఒక్కరు కూడా మా అమ్మమ్మ కాలిగోటికి సరిపోరు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. వాళ్ల బొమ్మలు గోడకెక్కి నెల తిరక్కుండానే దిగిపోతాయి. మా అమ్మమ్మ మాత్రం ఏళ్ల తరబడి అదే హాల్లో, అదే మూలన, అదే కుర్చీలో ప్రదర్శనకు ఉంది. ఒక్కసారి కూడా దించలేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆమె ముందు ఆగి, మెడ పక్కకు వంచి, "అబ్బ, ఎంత సహజంగా ఉందో" అన్నట్టు తలాడించి, పక్కన పేరున్న కార్డు కోసం వెతికిన సందర్భాలున్నాయి. అప్పుడు అమ్మమ్మ దగ్గేది. వాళ్లు హడలిపోయి పక్క గదిలోకి పరుగో పరుగు.

ఆమె ఉద్యోగం మొత్తం ఒక్క మాట. "ముట్టుకోకండి."

ఆ ఒక్క మాటతోనే ఆమె సంసారం చేసింది. పెద్దవాళ్లతో "ముట్టుకోకండి బాబూ" అని బతిమాలుతున్నట్టు అనేది. పిల్లలైతే "ఊఁ!" అని ఒక్క ఉరుము. చేతులు పట్టుకుని తిరిగే జంటలకు అసలు మాటే అక్కర్లేదు. గొంతు సవరించుకుంటే చాలు, బొమ్మనీ వదిలేసేవారు, ఒకళ్ల చెయ్యి ఒకళ్లూ వదిలేసేవారు.

రోజంతా ఆమె మాట్లాడేది అంతే. ఇంటికెళితే అదీ లేదు. దర్జీ షాపు పైన, మెట్ల చివర ఒక్క గది. మంచం, స్టవ్వు, గొంతు బొంగురుపోయిన రేడియో. రేడియో పెట్టేది వినడానికి కాదు, మెట్లెక్కేవాళ్లకు లోపల మనిషి ఉందని తెలియడానికి. తాతయ్య పోయాక మా అమ్మ ఎన్నోసార్లు పిలిచింది. "మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంటే, "మీ ఇంట్లో నేను కూర్చుంటే ఒకళ్లు నిలబడాలే" అని కొట్టిపారేసేది. అది అబద్ధం కాదు, మా ఇల్లు అలాంటిదే. అందుకని ఆ గదిలో ఆమె కుక్కరుతో మాట్లాడుకునేది. కుక్కరు కూత వేస్తే "వస్తున్నానే, పీకల మీదకు వచ్చినట్టు అరవకు" అనేది. కుక్కరు మళ్లీ కూసేది. అదీ వాళ్లిద్దరి కబుర్లు.

మనిషి చెయ్యి తగలడమన్నది ఆమె రోజులో ఎక్కడా లేదు. బస్సులో ముసలావిడ కదా అని అందరూ ఒద్దికగా పక్కకు జరుగుతారు. కొట్లో చిల్లర బల్ల మీద పెడతారు. గ్యాలరీలో సరేసరి, ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకపోవడానికే ఆమెను పెట్టుకున్నారు.

ఈ మధ్య ఆ గ్యాలరీ వాళ్లు పెద్ద ఎత్తున సంబరాలు మొదలుపెట్టారు. అక్కడ మొదటిసారి బొమ్మలు పెట్టి, తర్వాత పేరు తెచ్చుకున్న కళాకారులందరినీ పిలిచి, పై హాల్లో వాళ్ల ఫోటోలు, పతకాలు, పేపర్లో పడ్డ ముక్కలు అద్దాల్లో బిగించి, రోజుకొకరికి సభ. దానికి ముందు మేనేజరమ్మ పనివాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది.

"ఈ ఉత్సవాలు అయిపోగానే అన్ని గదుల్లో కెమెరాలు పెడుతున్నామండీ. ఇక ఇన్ని కుర్చీలు అవసరం ఉండదు. ఎవరిని ఉంచాలో అప్పుడు చూసుకుందాం."

అమ్మమ్మకు జీతం సంగతి తర్వాత. ఆ కుర్చీ పోతే ఇక మిగిలేది గది, రేడియో, కుక్కరు. ఆ రోజే గట్టిగా అనుకుంది. ఈ నెల రోజులూ గ్యాలరీలో తన కాపలాలో ఉన్న వస్తువు మీద ఈగను కూడా వాలనివ్వకూడదు. ఏ కెమెరా చేస్తుందో చూద్దాం ఈ పని!

ఆమె కాపలా కాసే గదిలోకి వచ్చిన వస్తువేమో ఒక మట్టిముద్ద. నడుమెత్తు ఉంటుంది, చెక్కపలక మీద, నున్నగా, తడితడిగా. దాన్ని చేసినాయన్ని అమ్మమ్మ గడ్డపాయన అంటుంది. ఏదో పెద్ద బహుమతి కొట్టి, ఆ పేరు మోగుతుండగా ఈ ముద్దను పంపాడు. పక్కన కార్డు మీద ఒక్కటే మాట: 'మీరు'. అది చదివి అమ్మమ్మ సంతోషపడింది. ఇన్నాళ్లకు ఈ హాల్లో ఒక వస్తువు తనను గౌరవంగా పిలిచిందని.

మేనేజరమ్మ హడావుడిగా వచ్చి, "పెద్దమ్మా, ఇది ఇంటరాక్టివ్ పీస్. జాగ్రత్తగా చూసుకోండి. సాయంత్రం వెళ్లేటప్పుడు తడిగుడ్డ కప్పండి" అంటుండగానే ఫోను మోగింది. ఆమె మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది.

ఇంటరాక్టివ్ అన్న మాట పదో తరగతి గట్టెక్కలేని నాకే అయోమయం. ఇక అమ్మమ్మకు ఎలా అర్థం కావాలి? ఆమె చెవిన పడింది చివరి సగమే. యాక్టివ్. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. క్రితం వారమే దర్జీ షాపు మెట్ల దగ్గర వైర్లు విప్పిన కరెంటతను, "లైను యాక్టివ్‌గా ఉందమ్మా, చెయ్యి పెట్టావంటే పోతావ్" అని చెప్పాడు. అంటే ఈ ముద్దలో కరెంటుంది. కనబడకుండా లోపలెక్కడో ఉంది. పైగా దాని మీద తడిగుడ్డ కప్పమంటున్నారు! చదువుకున్నవాళ్లకు బొత్తిగా బుద్ధి లేదనుకుంది. అందుకే రోజూ సాయంత్రం ముందు ఆ గది మెయిన్ స్విచ్చు కట్టేసి, రబ్బరు చెప్పులు వేసుకుని, అప్పుడే గుడ్డ కప్పేది.

ఇక పగలు ఆమె ప్రతాపం చూడాలి. జనం చేతులు చాచుకుంటూ వచ్చేవారు.

"ముట్టుకోకండి! కరెంటుంది."

"కరెంటా?" అని ఒక కళ్లజోడాయన ఆగిపోయాడు. "ముట్టుకోమనే కదమ్మా దీన్ని పెట్టింది?"

"ఎవరు చెప్పారు?"

"పేపర్లో రాశారు."

"పేపర్లో చాలా రాస్తారు బాబూ. మీ ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఉన్నారా లేదా?"

ఆయన చేతులు జేబులో పెట్టుకున్నాడు. బయటకు వెళ్తూ స్నేహితుడితో, "ఈవిడ కూడా అందులో భాగమేమోరా, అద్భుతంగా చేస్తోంది" అన్నాడు.

సాయంత్రాలు పైన సభలు జరిగేవి. ఉపన్యాసాలు ఆమెకు వినబడవు, చప్పట్లు మాత్రం సీలింగు లోంచి దిగేవి. అంతమంది మనుషులు నెత్తిమీదే ఉన్నారు. కింద ఆమె, ఆ ముద్ద. చప్పట్లు ఆగితే గదిలో గోడ గడియారం కూడా మొహమాటపడుతున్నట్టు ఉండేది.

అలాంటి ఒక సాయంత్రం మెయిన్ కట్టేసి గుడ్డ కప్పుతుంటే, గుడ్డ ఒక పక్కకు జారింది. పట్టుకోబోయింది. అరచెయ్యి మట్టిలో దిగింది.

వెంటనే తియ్యాలి. తియ్యలేదు. కరెంటు ఎలాగూ లేదు. మట్టి చల్లగా ఉంది, పసివాడి చెవితమ్మెలా మెత్తగా ఉంది. కాసేపటికి ఆమె చేతి వెచ్చదనాన్నే పట్టుకుని మెల్లగా తిరిగి ఆమెకే ఇచ్చింది. ఎవరో ఏదో అడిగినట్టు "ఊఁ" అంది అమ్మమ్మ. తన గొంతు తనకే వినబడి ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంది. చూస్తే అయిదు వేళ్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ఏళ్ల క్రితం షట్టరు కింద నలిగి వంకర తిరిగిన నడిమి వేలు కూడా వంకరతో సహా పడింది. చెరపబోతే ఇంకా లోతైంది. గుడ్డ కప్పేసి, మర్నాడు పొద్దున్నే వచ్చి తన కుర్చీని ఆ గుర్తుకు అడ్డంగా జరుపుకుంది.

తర్వాత కొన్నాళ్లకు గడ్డపాయన సభ. సభ అయ్యాక ఆయన, మేనేజరమ్మ, వెనకాల పూలగుత్తులు పట్టుకున్న జనం, అందరూ కిందకు దిగి ఆ గదిలోకి వచ్చారు. ఆయన ముద్దను చూసి నిలబడిపోయాడు.

"ఇదేంటి? ఇక్కడికి ఎవరూ రాలేదా?"

"బోలెడంత మంది వచ్చారు బాబూ" అంది అమ్మమ్మ. మేనేజరమ్మ ఎదురుగానే ఉంది, ఇంతకన్నా మంచి సమయం దొరకదు. కొంగు సర్దుకుని గర్వంగా, "ఒక్క వేలు కూడా పడనివ్వలేదు. నేనుండగా పడుతుందా!" అంది.



"పెద్దమ్మా," అంది మేనేజరమ్మ, పళ్ల మధ్య నుంచి, "ఇది జనం చేతులతో తయారవ్వాల్సిన బొమ్మ. అందరూ ముట్టుకోవాలి. ఇంటరాక్టివ్ అని మీకు చెప్పలేదా?"

"చెప్పారుగా! కరెంటు ఉందనేగా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గడ్డపాయన నవ్వలేదు. ముద్ద చుట్టూ నడుస్తూ, కుర్చీ కొంచెం జరిపి, వంగి చూశాడు.

"మరి ఇదెవరిది?"

అమ్మమ్మ కుడిచెయ్యి కొంగులో దూరిపోయింది. అంత ధైర్యంగా నిలబడ్డ మనిషి ఒక్కసారిగా కుంచించుకుపోయింది. "తప్పయిపోయింది బాబూ. ఎవరూ లేనప్పుడు… మెయిన్ కట్టేసే ముట్టుకున్నా. ఇంకెప్పుడూ ముట్టుకోను."

ఆయన ఆ వంకర వేలి గుర్తు వంకే చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్లిపోయాడు. మేనేజరమ్మ మాత్రం ఆగింది.

"ఇంకా వారం ఉంది. రేపటి నుంచి వచ్చిన ప్రతివాళ్లతో ముట్టుకోండి అని చెప్పాలి. మీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి, ఈ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాను."

"చెప్తానమ్మా" అంది అమ్మమ్మ.

ఇంటికెళ్లి కుక్కరు ముందు నిలబడి సాధన చేసింది. "ముట్టుకోండి." కుక్కరును అలా పిలవడం ఆమెకే నచ్చలేదు. బస్సులో పెదాలు కదుపుకుంటూ కూర్చుంటే పక్కావిడ లేచి వేరే సీటుకు వెళ్లిపోయింది.

మర్నాడు మొదట వచ్చింది ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఒకమ్మాయి. అమ్మమ్మ నోరు తెరిచింది. "ముట్టు… కోకండి." అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాత వచ్చినవాళ్లతోనూ అంతే. మాట సగం దాకా బాగానే వస్తుంది, చివర నాలుక దానంతటదే పాత దారి పట్టేస్తుంది. ఏం చెయ్యగలదు? నమిలి నమిలి ఆ నోటికి వేరే రుచి తెలియకుండా పోయింది. గుమ్మంలో మేనేజరమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది.

అప్పుడు ఒక నడివయసు ఆవిడ వచ్చి ముద్ద ముందు నిలబడింది. అమ్మమ్మ కుర్చీలోంచి లేచింది. నోరు తెరవలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా తీసుకెళ్లి మట్టి మీద పెట్టి, పైనుంచి తన చేత్తో ఒత్తింది.

"అయ్యో" అంది ఆవిడ. తర్వాత, "అబ్బ" అంది.

ఇక అదే పద్ధతి. వారం రోజులూ అమ్మమ్మ ఒక్క మాట మాట్లాడకుండా వచ్చినవాళ్ల చేతులు పట్టుకుంది. ఉంగరాల చేతులు, చెమట పట్టిన చేతులు, సిమెంటుకు గరుకెక్కిన చేతులు, ఇచ్చినట్టే ఇచ్చి లాక్కునే చేతులు, చాక్లెట్ జిగురున్న చిన్న చేతులు. తనలాంటి ముసలాయన ఒకాయన మట్టి మీద చెయ్యి పెట్టి తియ్యడం మర్చిపోయాడు. అమ్మమ్మ కూడా గుర్తు చెయ్యలేదు. ఇద్దరూ చెరో గోడ వైపు చూస్తూ కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత ఆయన "వస్తానమ్మా" అని వెళ్లిపోయాడు. పేరు అడగలేదు.

ఆఖరి రోజున ముద్దను తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. ఎక్కించేముందు అమ్మమ్మ దాని చుట్టూ తిరిగి తన గుర్తు కోసం వెతికింది. కనబడలేదు. అన్ని చేతుల కింద ఎక్కడో కలిసిపోయింది. గడ్డపాయన ఆమెకు నమస్కారం పెట్టాడు. వ్యాను మలుపు తిరిగింది.

కెమెరాలు చెప్పిన రోజుకే వచ్చాయి. మేనేజరమ్మ ఆమెను తీసెయ్యలేదు, కానీ లోపలి గదిలోనూ ఉంచలేదు. ఇప్పుడు గుమ్మం దగ్గర బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ల సంచులు, గొడుగులు తీసుకుంటుంది. జనం పట్టీ కొసన పట్టుకుని సంచి అందిస్తారు. ఆమె రెండో కొసన పట్టుకుంటుంది. లోపలి గది మూలన కెమెరా ఎర్ర దీపమొకటి ఒంటరిగా మిణుకుమంటూ ఉంటుంది.

ఇదంతా రాసి, మెట్లెక్కి వెళ్లి, ఆమె చిక్కుడుకాయలు తుంపుతుంటే మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. మధ్యలో ఎక్కడా అడ్డు రాలేదు. అయిపోయాక కళ్లజోడు నుదుటి మీదకు తోసి, నన్ను ఎగాదిగా చూసింది.

"నేను ఒంటరిగా పడున్నానని ఇన్ని కాగితాలు ఖరాబు చేశావు కదా, రాసినంతసేపూ ఇక్కడికొచ్చి కూర్చోడానికి నీకేం రోగంరా?"