లంగరు తాడుకు చుట్టుకున్న చీర ముక్క

ఫోటోలో చూసి మీరు అడిగిన తెల్ల పడవ మాది కాదర్రా. మలేషియాలో పుట్టి పెరిగిన ఒక తెలుగాయనది. ఇక్కడ సింగపూర్‌లోనే, జురాంగ్ ఐలాండ్ నూనె కర్మాగారంలో ఇంజనీరు. మా బ్లాకులోనే పై అంతస్తులో ఉండేవాడు. ఆదివారం వస్తే చాలు, తెరచాప ఎత్తి దీవుల చుట్టూ తిరిగేవాడు. ఆ పడవ నేను ఒక్కసారే ఎక్కాను, మీ తాతమ్మని సముద్రంలో కలపడానికి.

తాతమ్మ అంటే మీ తాతయ్య వాళ్ళ అమ్మ, నాకు అత్తగారు. మాతోపాటే సింగపూర్‌లో ఉండేది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. బ్యాంకు ప్రోగ్రాముల్లో ఆ తేదీలు సరిచేసే పని మీ తాతయ్యది. కొత్త సంవత్సరం దాటేదాకా ఎవరికీ సెలవు లేదన్నారు. సరిగ్గా అప్పుడే ఆవిడ నిద్రలో పోయింది.

గోదావరికి తీసుకెళదామంటే ఆయన కదలడానికి లేదు. అస్థికలు ఇంట్లోకి తేకూడదు. ఊళ్ళో అయితే పెరట్లో చెట్టుకు కడతారు, ఫ్లాట్‌కి పెరడెక్కడిది? ఆవిడ పాత ఆకుపచ్చ చీర చింపి అస్థికల ముంత మూతికి కట్టాను. కారిడార్‌లో కరెంటు మీటరుండే అరలో కొక్కేనికి తగిలించాం. ఆఫీసుకు వెళ్తూ మీ తాతయ్య ఆ అర ముందు ఆగి “వస్తానమ్మా” అనేవారు. ఆవిడ బతికుండగా ఎప్పుడూ అలా చెప్పి వెళ్ళిన మనిషి కాదు.

ఒకరోజు లిఫ్ట్ దగ్గర పడవాయన మమ్మల్ని ఆపాడు.

“ఎందుకన్నా, అమ్మని అరలో పెట్టుకుని ఏడుస్తారు? నా పడవుంది లా. ఏ సముద్రమైనా ఒకే తణ్ణి కదా.”

నీళ్ళను ఆయన తణ్ణి అనేవాడు, ఇక్కడివాళ్ళలా మాట చివర ‘లా’ తగిలించేవాడు. మీ తాతయ్య సరే అన్నారు.

సెంటోసా దీవి అవతల ఇంకో చిన్న దీవికి కాస్త దూరంలో ఆయన తెరచాప దించి లంగరు వేశాడు. ఇనుప కొక్కెం బుడుంగున మునిగింది. దాని వెంట తాడు జరజరా జారి, ఒక్క కుదుపుతో బిగిసింది. పడవ మెల్లగా తిరిగి, ముక్కు దక్షిణానికి పెట్టి నిలబడింది. ఒడ్డున పిల్లలు ఈత కొడుతున్నారు. ఎవరో చేపలు కాలుస్తున్నట్టున్నారు, ఆ వాసన మా దాకా వస్తోంది.

గుళ్ళో పంతులుగారు ముఖ్యంగా చెప్పినవి రెండే. దక్షిణం వైపు తిరిగి వదలాలి. ఒకసారి నీళ్ళకిచ్చాక దేన్నీ తిరిగి చేత్తో ముట్టుకోకూడదు.

మీ తాతయ్య పడవ ముక్కు మీద మోకాళ్ళపై కూర్చుని, మంత్రం చదువుతూ గుడ్డ విప్పి, ముంత, గుడ్డ, చామంతి దండ అన్నీ కలిపి వదిలారు. లంగరు వేసిన పడవ ముక్కు నీళ్ళు వచ్చే వైపే తిరిగి ఉంటుందని మాకేం తెలుసు? పడవాయన ఏదో చెప్పబోయి, మంత్రం మధ్యలో మాట్లాడకూడదని ఆగిపోయాడు.

ముంత మునిగింది. దండ, చీర ముక్క మాత్రం తేలుతూ వెనక్కి మా మీదికే వచ్చి, లంగరు తాడుకు చుట్టుకున్నాయి. ఆ ఆకుపచ్చ గుడ్డ నీళ్ళలో విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది, మళ్ళీ విచ్చుకుంటోంది. అత్తయ్య కొంగు దులుపుకునే తీరు అచ్చం అలాగే ఉండేది.

ఇంతలో పడమట ఆకాశం నల్లబడింది.

“గాలి వస్తాదన్నా. లంగరు ఎత్తేద్దామా?”

“ఎత్తకండి. తాడు లాగితే అమ్మ పైకొచ్చేస్తుంది.”

“నేను తీస్తా లా. మీరు కళ్ళు మూసుకోండి.”

“పరాయివాళ్ళు ముట్టుకుంటే ఆవిడకి పడదండీ. ఆవిడ కాఫీ గ్లాసు ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ కడిగించేది.”

నేను లేచాను. “నేను తీస్తానండీ. కోడల్నేగా.”

“నువ్వసలొద్దు. బతికుండగానే నిన్ను వదల్లేదు. ఇప్పుడు పట్టుకుంటే ఇంక వదుల్తుందా?”

పడవాయన నవ్వబోయి, మీ తాతయ్య ముఖం చూసి మానేశాడు. లాగితే అమ్మను నీళ్ళలోంచి వెనక్కి తీసినట్టు, లాగకపోతే ముగ్గురం గాలివానలో చిక్కినట్టు. మొదటి గాలి విసురుకే పడవ వెనక్కి గుంజింది. తాడు బిగిసి పైకి లేచింది, దాంతోపాటు గుడ్డ కూడా. నీళ్ళోడుతూ మా ముందు నిలబడింది.

“కత్తి ఉందా?” అన్నారు మీ తాతయ్య.

“లంగరు పోతాదన్నా.”

“పోనివ్వండి.”

పడవాయన కత్తి ఇచ్చాడు. మీ తాతయ్య గుడ్డకు చెయ్యి తగలకుండా, పడవ అంచు దగ్గర తాడు కోశారు. తాడు, దండ, ఆకుపచ్చ గుడ్డ అన్నీ కలిసి కిందికి దిగిపోయాయి. ఇంజను వేసుకుని తిరిగొచ్చాం. జెట్టీలో దిగాక ఆయన అన్నారు: “అమ్మని పంపిద్దామని వెళ్ళాం. కట్టేసి వచ్చాం.”

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు. సెలవు దొరికాక గోదావరికి వెళ్ళి చేయాల్సినవన్నీ చేసి వచ్చాం. అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. వర్షం ముందు గాలి లేస్తే ఇప్పటికీ కిటికీ దగ్గరికి వెళ్తారు. ఎదురు బ్లాకు కిటికీలోంచి బట్టలారేసే వెదురు కర్ర మీద ఆకుపచ్చ బట్ట ఊగుతుంటే, ఎవరో వచ్చి దాన్ని లోపలికి లాక్కునేదాకా అక్కడే నిలబడతారు. చూడొద్దని నేను ఆయన భుజం మీద చెయ్యి వేస్తాను. వేసి, నేనూ చూస్తాను.

ఆయనతో పనిచేసినవాళ్ళంతా తలో దేశం వెళ్ళిపోయారు. ఆయన్నీ పిలిచారు, వెళ్ళలేదు. మీ నాన్న మీ దగ్గరికి వచ్చేయమన్నప్పుడల్లా నేను పెట్టె సర్దుతాను. ఆయన టికెట్ల దాకా వచ్చి ఆగిపోతారు.

“ఆ తాడు కోసింది నేను,” అంటారు. “ఆవిణ్ణి అక్కడ వదిలేసి ఎలా రానే?”

నేను చీరలు పెట్టెలోంచి తీసి మళ్ళీ బీరువాలో పెడతాను.